కొన్న గుఱ్ఱము, కాచిన గుఱ్ఱము

పాండవులు విరటుని కొలువున అజ్ఞాతవాసము చేసిన యేడాది, భీముడు వంటసాలలోను, అర్జునుడు నాట్యశాలలోను కాలము గడపగా, నకులుడు దామగ్రంథి యను పేరుతో అశ్వశాలను చేరెను. తిక్కన విరాటపర్వమును చదివిన తెలుగువారికి ఈ కథ క్రొత్తది కాదు. అయితే ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. నకులుడు తనకు స్వారి వచ్చునని చెప్పి ఆ యుద్యోగమును సంపాదింపలేదు. గుఱ్ఱముల స్వభావము, వానికి నేర్పవలసిన శిక్ష, వాని రోగములకు చేయవలసిన చికిత్స తనకు తెలియునని చెప్పి సంపాదించెను. స్వారి చేయువాడు రాజునకు యుద్ధదినమున అక్కఱకు వచ్చును. గుఱ్ఱమును కాచువాడు సంవత్సరము పొడుగున అక్కఱకు వచ్చును.

గుఱ్ఱములను కొనుటకు మన రాజ్యములు వెచ్చించిన ధనమును గూర్చి చరిత్రకారులు చాల వ్రాసిరి. కొన్న గుఱ్ఱమును వానకాలము దాటించి, వేసవి దాటించి బ్రతికించుకొనుటకు పడిన శ్రమను గూర్చి వ్రాసినది తక్కువ. ఈ రెండవ విషయమును పరిశీలించుటకు పశ్చిమతీరమునందలి సూరతు నగరము మిక్కిలి అనువైన స్థలము. మనవారికి సూరతు అనగానే జరీ, పట్టు, మరమగ్గములు స్ఫురించును. తెలంగాణమునుండి వెళ్ళిన పద్మశాలీ కుటుంబములు అనేకము అక్కడ స్థిరపడి యుండుటయే అందుకు కారణము. కాని మూడునాలుగు శతాబ్దములకు పూర్వము ఆ నగరము మొగలు సామ్రాజ్యమునకు సముద్రద్వారము. సరకులతో పాటు గుఱ్ఱములును ఆ ద్వారమున వచ్చెడివి.

ముందుగా శాస్త్రమును చూతము. అశ్వవైద్యమునకు మూలపురుషుడుగా మనవారు శాలిహోత్రుని చెప్పుకొందురు. ఆయన పేరే మారిమారి హిందుస్తానీలో గుఱ్ఱపు వైద్యునికి ‘సలోత్రీ’ అను పదమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షునికి ఒక ప్రత్యేకాధ్యాయము కలదు. ప్రతి గుఱ్ఱమునకు కులము, వయస్సు, వర్ణము, గుర్తులు వ్రాసి పట్టిక నుంచవలెనని అందు విధింపబడినది. ఈనిన గుఱ్ఱమునకు మూడు రాత్రులు నేయి, అటుపిమ్మట పది రాత్రులు పిండియు ఔషధముతో కూడిన స్నేహద్రవ్యమును ఇయ్యవలెను. ఇన్నిటిలో ముఖ్యమైనది అశ్వవైద్యుల విధిని నిర్ణయించిన మాట. గుఱ్ఱము చిక్కినను, మితిమీరి బలిసినను సరిదిద్దుట యొకటి, ఋతువు ననుసరించి ఆహారమును విభజించుట మఱియొకటి వారి పనులుగా ఆ గ్రంథము చెప్పుచున్నది. అనగా వైద్యుని మొదటి పని రోగమును కుదుర్చుట కాదు, రోగమునకు చోటియ్యకుండుట. చికిత్సలోని తప్పువలన రోగము ముదిరినచో, చికిత్సకైన వ్యయమునకు రెట్టింపు దండుగ. జంతువు చనిపోయినచో దాని వెల యంతయు దండుగ.

అశ్వశాలలో కోతిని, నెమలిని, ముంగిసను, చిలుకను, గోరువంకను ఉంచవలెననియు, ఆశ్వయుజమాసమున నవమినాడు గుఱ్ఱములకు నీరాజన మీయవలెననియు కూడ కౌటిల్యుడు విధించెను. వీనిలో కొన్ని ఆచారములు, కొన్ని అనుభవములు. నీరాజనమునకు నిర్ణయించిన సమయమును గమనించిన, వానలు వెనుకపట్టి దండయాత్రలకు దారులు ఆరు కాలమది. పూజకు ముందు గుఱ్ఱమును కడిగి, తోమి, ఆపాదమస్తకము పరీక్షింపక తప్పదు కదా. పండుగ పేరిట ఒక వార్షిక పరీక్ష జరిగెడిదనుకొనుట తప్పు కాదు.

శాస్త్రమింతగా పెరిగిన దేశమున ఆచరణ మెట్లుండెను? దక్షిణాపథపు అనుభవము విచారకరమైనది. 13వ శతాబ్దము చివర మన తీరములను చూచిన వెనిసు యాత్రికుడు మార్కోపోలో, పాండ్యదేశపు రాజును ఆతని నలుగురు సోదరులును ఒక్కొక్కరు ఏటేట రెండువేలకు పైగా గుఱ్ఱములను కొనుచుందురనియు, సంవత్సరాంతమునకు వానిలో నూరైనను మిగులవనియు వ్రాసెను. లెక్కలో అతిశయోక్తి యుండవచ్చును. అతడు చెప్పిన కారణము మాత్రము ఆలోచింపదగినది. ఆ దేశమున గుఱ్ఱమును పోషించు విధ మెవరికిని తెలియదట. వండిన మాంసమును, అన్నమును పెట్టుదురట. లాడములు కొట్టి వైద్యము చేయువారు లేరట. అంతకంటె ఘోరమైన మాట యొకటి కలదు. గుఱ్ఱపు వర్తకులు అట్టి పనివారిని తమతో తీసికొని రాకుండుటయే కాక, ఇతరులు పోవుటకును అడ్డుపడుచుండిరట. గుఱ్ఱములు బ్రతికినచో బేరము తగ్గునని వారి భయము!

విజయనగర కాలమునకు వచ్చినను ఈ వ్యయము తగ్గలేదు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసిన వృత్తాంతమున సాళువ నరసింహుని గూర్చి యొక విశేషము కలదు. ఆ రాజు హోర్ముజునుండి వచ్చు గుఱ్ఱములను చచ్చినవైనను బ్రతికినవైనను కొనెడివాడట. ఓడలో చనిపోయిన గుఱ్ఱమునకు తోకను మాత్రము తెచ్చి చూపిన చాలును, బ్రతికిన గుఱ్ఱముతో సమానముగా వెల చెల్లించెడివాడట. శత్రువులకు గుఱ్ఱములు పోకుండ వర్తకులను తనవైపు త్రిప్పుకొను రాజనీతి ఇందు కనబడుచున్నది. ఆముక్తమాల్యదలో రాజనీతిని చెప్పుచు కృష్ణదేవరాయలును, ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు ద్వీపాంతర వర్తకులను ఆదరించి, మంచి వెల లిచ్చి, రేవులను బాగుచేయవలెనని ఉపదేశించెను. రాజులు రేవును మఱవలేదు. కాని రేవున దిగిన గుఱ్ఱము మరుసటి వానకాలమును దాటునా యను ప్రశ్నకు వెలను బట్టి సమాధానము దొరకదు. తెలుగులోను అశ్వశాస్త్ర గ్రంథములు పుట్టినవి. మనుమంచి భట్టు రచించిన హయలక్షణవిలాసము అందు ప్రసిద్ధము. సుళ్ళను చూచి శుభాశుభములు నిర్ణయించుట మనవారికి ఇష్టమైన విద్య. కొనునాడు సుడిని చూచినంత శ్రద్ధతో కొన్న తరువాత గిట్టను చూచినచో ఎన్ని గుఱ్ఱములు బ్రతికెడివో!

ఇక సూరతునకు వత్తము. 1573లో అక్బరు ఈ నగరమును జయించెను. తపతీనది ముఖమున ఇసుకమేటలుండుటచే పెద్ద ఓడలు నగరమువఱకు రాలేక, సువాలి యను చోట సముద్రమున లంగరు వేసెడివి. నైరృతి వానలు వీచు నెలలలో ఆ రేవున ఓడ నిలుచుట కష్టము. కావున ఈ వర్తకమంతయు ఋతువుల చేతిలో నుండెను. బస్రానుండియు, పారసీక సముద్రపు రేవులనుండియు పొడిగాలికి అలవాటుపడిన గుఱ్ఱము, వారముల తరబడి ఓడలో కదలిక లేక నిలిచి, ఉక్కపోసెడి తీరమున దిగవలసి వచ్చెడిది. మేత మారును, నీరు మారును, గాలి మారును. పశువైద్యులు నేడును ప్రయాణానంతరము గుఱ్ఱమునకు విశ్రాంతి నిచ్చి, దాణాను కొంచెము కొంచెముగా పెంచుమని చెప్పుదురు. దాణా ఒక్కసారిగా మారిన కడుపునొప్పి పుట్టును. గుఱ్ఱము వాంతి చేసికొనలేని జంతువు, కాన ఆ నొప్పియే ప్రాణాంతకము కావచ్చును.

ఈ కష్టమును అక్బరు ప్రభుత్వము గుర్తించినట్లు అబుల్ ఫజలు వ్రాసిన ‘ఐనె అక్బరీ’ వలన తెలియుచున్నది. గుఱ్ఱపు వర్తకులకు ఒక ప్రత్యేకస్థలము నేర్పరచి, ఋతువుల మార్పులవలన బాధ కలుగకుండ వసతి కల్పించి, నమ్మకస్థుడైన అధికారిని దానిపై నియమించిరి. వర్తకుల పేరాసవలన జంతువులు బాధపడకుండుటయే దీని ప్రయోజనమని ఆ గ్రంథకర్త స్పష్టముగా చెప్పెను. మార్కోపోలో చూపిన దోషమునకు ఇది సరియైన మందు కాదా? అక్కడ వర్తకుడు వైద్యుని రానీయలేదు. ఇక్కడ ప్రభుత్వము వర్తకునికిని గుఱ్ఱమునకును నడుమ నిలిచెను.

రాజాశ్వముల పోషణమునకు అందు చెప్పిన నియమములు మఱింత సూక్ష్మమైనవి. చలికాలమున ఉడికించిన బఠాణీలు గాని అటువంటి పప్పుధాన్యము గాని, వేసవిలో దాణా. పచ్చిగడ్డి మొలుచుటకు ముందు చలిదినములలో రోజునకు అర సేరు నేయి. చక్కెరకు మారుగా బెల్లము పెట్టినచో నేయి మానవలెను. పచ్చిగడ్డి కాలము రాగానే మొదటి మూడు దినములు దాణా పూర్తిగా నిలిపి, పిమ్మట ఆరు సేర్ల దాణా, రెండు సేర్ల బెల్లము. సంవత్సరమునకు రెండుమారులు లాడములు. ఒక గుఱ్ఱమునకు చాలిన మేత పండుటకు సుమారు మూడు బిగాల నేల కావలెనని కూడ లెక్క వేసిరి. అశ్వశాలలోని ఉద్యోగుల పట్టికను చూచిన, ఒక చిన్న కచేరి కన్నులకు కట్టును. దరోగా, లెక్కలు వ్రాయు ముష్రిఫు, వైద్యుడైన బైతారు, లాడములు కొట్టు నాల్‌బందు, సైసులు, నీళ్ళు మోయువారు, ఊడ్చువారు, చివరకు దృష్టిదోషము తగులకుండ ధూపము వేయువాడు కూడ అందు కలరు. మన తెలుగు లాడమునకును ఆ ‘నాల్’ అను మాటకును చుట్టరికము కలదందురు.

ఈ పట్టికకు ప్రాణము పోసినది బాధ్యత. రాజాశ్వము చనిపోయినచో, దాని కొన్న వెలలో ప్రతి మొహరీకి దరోగా ఒక రూపాయియు, అతని క్రింది మిర్దహా పది దాములును చెల్లింపవలెను. సైసుల నెలజీతములో నాలుగవ వంతు కోత పడును. పాపము, తక్కువ జీతగాని కడుపుపై ఈ దెబ్బ గట్టిదే. అయినను కౌటిల్యుని దండనీతిలోని సూత్రమే ఇందును కలదు. గుఱ్ఱము చచ్చుట దైవకృత్యమని లెక్కలో వ్రాసి చేతులు దులుపుకొనుటకు వీలు లేదు. ముందుచూపు లేనివాడు మూల్యము చెల్లింపవలసినదే.

మూడు బిగాల లెక్కను మనస్సున నుంచుకొని, సూరతునకు ఉత్తరమున, తపతీతీరమున నున్న కతర్‌గామ్‌ను చూతము. నేడది వజ్రములను సానబట్టు కార్ఖానాలతో క్రిక్కిఱిసిన నగరభాగము. పూర్వమది ప్రాకారమునకు వెలుపలి పల్లె. నగరపు వెలిగోడలోని ఒక ద్వారమునకు కతర్‌గామ్ దర్వాజా యని పేరు కలిగినది. ఆ ద్వార ప్రాంతముననే ఆంగ్లేయుల, డచ్చివారల సమాధులు గోపురములతో నిలిచియున్నవి. 1664లో శివాజీ నగరముపై పడినపుడు కోఠీని కాపాడి, 1669లో మరణించిన జార్జి ఆక్సిండెన్ సమాధి ఒకటి. మలయాళదేశపు ఓషధులను పండ్రెండు సంపుటములలో వర్ణింపజేసి 1691లో గతించిన వాన్ రీడ్ సమాధి మఱియొకటి. నదీమట్టితో సారవంతమైన కతర్‌గామ్ పొలముల చిక్కుడుకాయ ‘పాప్డీ’ పేరిట గుజరాతంతట ప్రసిద్ధి కెక్కినది. చలికాలపు ఉంధియు కూరకు ఆ కాయయే కావలెనందురు. ఏ మహానగరపు అశ్వశాలకైనను పచ్చిమేత ఇట్టి పొలిమేర గ్రామములనుండియే రావలెను. నూరు గుఱ్ఱములకు మూడువందల బిగాలు! గుఱ్ఱము బలము గడ్డిలో నున్నది, గడ్డి బలము నేలలో నున్నది.

ఆ నేలకు నీరిచ్చిన నదియే ఆపదను కూడ తెచ్చును. జూను మొదలు సెప్టెంబరు వఱకు సూరతున వానలు దట్టముగా కురియును. తపతి పొంగినచో ఊరు మునుగును. 1968లోను, 2006 ఆగస్టులోను వచ్చిన వరదలను నగరవాసులు మఱవలేదు. తడినేలపై నిలిచిన గుఱ్ఱమునకు గిట్ట క్రింది మెత్తని భాగము కుళ్ళును. బూజుపట్టిన గడ్డి తిన్న కడుపు చెడును. క్రిములు పెరుగును. అందుచే వానకాలమున సాలనేలను ఎత్తుగా ఉంచి, పొడిగడ్డి పఱచి, దినదినము గిట్టలను గీచి శుభ్రపరచవలెను. శరత్తున ఈగలను, జ్వరమును కనిపెట్టవలెను. చలికాలమున పచ్చిమేతను కొంచెము కొంచెముగా అలవాటు చేయవలెను. వేసవిలో నీడ, చాలినంత నీరు, ఉప్పు ఇచ్చి, ఎండ ముదురకముందే పని ముగింపవలెను. మన తెలుగుసీమలో ఉలవలు నానబెట్టి ఉడికించి గుఱ్ఱమునకు పెట్టిన సైసుకు ఈ సంగతులు పుస్తకము లేకయే తెలియును. ఎద్దులకు, గుఱ్ఱములకు ఉడికిన ఉలవల నీరే మన యిండ్లలో చారైనది. అందుచే ఈ విద్యకు మన వంటింటితోను సంబంధము కలదనవచ్చును.

సూరతు చరిత్రలో మఱియొక అధ్యాయము దయకు సంబంధించినది. 1689లో వచ్చి ఆంగ్లేయుల కోఠీలో మతగురువుగా నున్న ఓవింగ్టన్, నగరమునకు ఒక మైలు దూరమున వణిజులు నడపుచున్న పెద్ద జంతువైద్యశాలను వర్ణించెను. రోగముతోను, కుంటితనముతోను, ముసలితనముతోను బాధపడు ఆవులు, గుఱ్ఱములు, మేకలు, కుక్కలు అందు ఆశ్రయము పొందుచుండెను. 18వ శతాబ్దపు చివరి భాగమున దానిని దర్శించిన ఫోర్బ్స్ మఱికొన్ని వివరములు చెప్పెను. ఎత్తైన గోడల నడుమ వేర్వేరు విభాగములు. యజమాని ఏ జాతివాడైనను, ఏ కులమువాడైనను రోగిని కాదనరు. జంతువునకు నయమైనచో యజమాని దానిని తిరిగి అడుగరాదు. అది అక్కడనే యుండి, లేవలేని తోటి జంతువులకు నీరు తోడవలెను. డెబ్బదియైదేండ్లుగా అక్కడనే యున్నదని చెప్పబడిన తాబేటిని కూడ ఆయన చూచెను. ఈ నియమములో ధర్మముతో పాటు లోకజ్ఞతయు కలదు. కాలు విఱుగువఱకు పని చేయించి, ఊరివారి సొమ్ముతో బాగుచేయించుకొని, మరల బండికి కట్టుదమనుకొను యజమానికి ఆ నియమమే సంకెల.

అయినను ఈ దయ రోగము వచ్చిన పిమ్మట మేల్కొనునది. అక్బరు అశ్వశాల నియమము రోగమునకు ముందు మేల్కొనునది గాని, రాజుగారి గుఱ్ఱమును దాటి బండివాని గుఱ్ఱమువఱకు రాలేదు. ఈ రెంటికిని లేని మూడవ బలము, రోగకారణ జ్ఞానము, 19వ శతాబ్దమునగాని లభింపలేదు. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అను పశువైద్యుడు, నేటి పాకిస్తానులోని డేరా ఇస్మాయిల్ ఖాను ప్రాంతమున ‘సుర్రా’ యను జ్వరముతో నీరసించి చనిపోవుచున్న గుఱ్ఱముల రక్తమును సూక్ష్మదర్శినిలో చూచి, అందు మెలికలు తిరుగు సూక్ష్మజీవిని కనుగొనెను. అదియే కారణమని ఆయన చెప్పగా పెద్దలు వెంటనే అంగీకరింపలేదు. ఈగకాటువలన ఈ జబ్బు వచ్చునని ఆ ప్రాంతపు ప్రజలు అప్పటికే అనుకొనుచుండిరి. 1901లో లియొనార్డు రోజర్సు పరీక్షలు చేసి జోరీగలు దీనిని మోయునని నిరూపించెను. వానలు వెలిసిన నెలలలో సుర్రా ఎందుకు విజృంభించునో అప్పుడు తెలిసినది. ఋతువు ననుసరించి గుఱ్ఱమును కాపాడవలెనన్న పూర్వుల మాట అనుభవముగా నుండినది కాస్త కారణముతో కూడిన శాస్త్రమైనది. 1886లో బొంబాయిలోను, 1903లో మద్రాసులోను పశువైద్య కళాశాలలు వెలసినవి. తెలుగువారికి 1955లో తిరుపతి కళాశాల ఏర్పడినది.

రోగమును ముందే అడ్డుకొనుట రాజాజ్ఞ కాక శాసనమైనది కూడ ఈ కాలముననే. గ్లాండర్సు అను వ్యాధి గుఱ్ఱమునుండి గుఱ్ఱమునకే కాక మనుష్యునికిని అంటును. దానికి టీకా లేదు. 1899లో దానిపై ప్రత్యేక చట్టము చేయబడి, వ్యాధి సోకిన గుఱ్ఱమును వేరుపరచుట, చంపివేయుట విధింపబడినవి. 2009లో జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టము వచ్చి దాని స్థానమును గ్రహించినది. నడుమ 1960లో పశ్చిమాసియా మీదుగా ఆఫ్రికా అశ్వవ్యాధి మనదేశమున ప్రవేశించి, సన్నదోమల ద్వారా వ్యాపించి నష్టము కలిగించెను. అశ్వరోగములను పరిశోధించుటకు హిస్సారులో జాతీయ కేంద్రము 1985లో స్థాపింపబడినది.

గుఱ్ఱముల కాలము గతించినది కదా, ఇప్పుడీ ముచ్చట యెందుకని కొందఱడుగవచ్చును. సూరతున ఘోడ్‌దోడ్ రోడ్డు అను పేరు నేటికిని గుఱ్ఱపు పందెములను స్మరింపజేయుచున్నది. పెండ్లికుమారుని ఊరేగింపునకు గుజరాతీలో ‘వర్‌ఘోడో’ అని పేరు. ఆ శుభకార్యమునకు గుఱ్ఱమును తెచ్చువాడు చాలమట్టుకు బీదవాడు. అతనికి రాజాశ్వశాల లేదు, మూడు బిగాల నేల లేదు, బైతారు లేడు. ఆ గుఱ్ఱము చుట్టును పిల్లలు మూగుదురు. దానికి రక్తపరీక్ష జరిగినదా, ధనుర్వాతపు టీకా పడినదా, సుర్రా కాలమున దానిని కనిపెట్టినవా రున్నారా యను ప్రశ్నలు ఆ పిల్లల క్షేమమునకు సంబంధించినవి కూడ.

చచ్చిన గుఱ్ఱపు తోకకు సంపూర్ణముగా వెల చెల్లించిన రాజు ఉదారుడే. ఆ ధనములో పదియవ వంతు ఒక మంచి సైసుకు, ఒక లాడముల పనివానికి, ఒక వైద్యునికి వెచ్చించినచో ఎన్ని తోకలు గుఱ్ఱములతోనే మిగిలియుండెడివో! వస్తువును సంపాదించుటలో చూపు ఉత్సాహమును దానిని నిలుపుకొనుటలోను చూపుట మనుష్యునికి కష్టమైన గుణము. కౌటిల్యుడు దానిని విధిగా వ్రాసెను, అక్బరు దానికి ఉద్యోగులను నియమించెను, సూరతు వణిజులు దానిని ధర్మముగా భావించిరి, ఎవాన్స్ దానికి కారణము చూపెను. ఈ నాలుగును కలిసినచోట గుఱ్ఱము బ్రతికినది. విడిపోయినచోట, ఎంత వెల పోసి కొన్నను, మరుసటి వానకాలమును చూడలేదు.